‘మీ యాంటీవైరస్ గడువు ముగిసింది’ అని వస్తే ఎవరికీ డబ్బు కట్టకండి. వైజాగ్ వాళ్లు జాగ్రత్త!

పేరు రాయను గానీ, ద్వారకానగర్ వైపు ‘ఇంటికొచ్చి కంప్యూటర్ బాగు చేస్తాం’ అని బోర్డు పెట్టుకున్న షాపు గురించి రాస్తున్నాను. అటు తిరిగేవాళ్లలో చాలామందికి అర్థమైపోతుంది. ఇంట్లో పెద్దవాళ్ల కంప్యూటర్‌లో వైరస్ హెచ్చరికలు వస్తున్నాయని ఎవరినైనా పిలిపించబోతుంటే, ఆ ఫోన్ చేసే ముందు ఇది చదవండి. నిన్న సాయంత్రం ఆ షాపు నుంచి బయటికొచ్చాను, కోపం ఇంకా తగ్గలేదు. రాత్రి నిద్ర కూడా సరిగా పట్టలేదు.

మా అమ్మానాన్నలు కూర్మన్నపాలెంలో ఉంటారు. నాన్నగారు స్టీల్ ప్లాంట్‌లో చేసి రిటైరయ్యారు. ఇంట్లో విండోస్ 11 డెస్క్‌టాప్ ఉంది. పేపరు చదవడం, పాత పాటలు వినడం, విదేశంలో ఉన్న తమ్ముడితో వీడియో కాల్, పెన్షన్ పడిందో లేదో చూసుకోవడం, దాంతో ఆయన పని అంతే. ఈ మధ్య స్క్రీన్ మీద కింద కుడి మూలన ఓ పెట్టె వచ్చి పడుతోందట. పేరున్న యాంటీవైరస్ కంపెనీ గుర్తు, ఎర్ర అక్షరాలు, ‘మీ గడువు ముగిసింది, 5 వైరస్‌లు దొరికాయి, వెంటనే అప్‌డేట్ చేయండి’ అని ఇంగ్లీషులో. మూసేస్తే మళ్లీ వస్తుంది. నాకు చెబితే ఆఫీసు పనిలో టెన్షన్ పెట్టినట్టవుతుందని, తెలిసినవాళ్లు ఎవరో నంబరిస్తే ఆ షాపుకి ఫోన్ చేశారు.

ఓ కుర్రాడు వచ్చాడు. ఆ పెట్టెను చూశాడు, మూసేశాడు. ఆ తర్వాత ‘ఈవెంట్ వ్యూయర్’ అనే దాన్ని తెరిచి వరసగా ఎర్ర గుర్తులు చూపించాడట. “అంకుల్, ఇవన్నీ వైరస్‌లే. మీ బ్యాంకు పాస్‌వర్డ్ ఈపాటికి బయటికి పోయుంటుంది. ఇవాళ క్లీన్ చేయకపోతే రేపు అకౌంట్లో ఏం మిగలదు” అన్నాడట. పక్కన అమ్మ ఉంది. ఆవిడకి బీపీ. ఆ మాట విన్నాక ఇంకేం ఆలోచిస్తారు? మూడేళ్ల యాంటీవైరస్‌కి 3,600, ‘వైరస్ క్లీనింగ్’కి 1,200, మొత్తం 4,800 రూపాయలు. ఎవరిదో సొంత ఫోన్ నంబరుకి యూపీఐలో కట్టించుకున్నాడు. బిల్లు అడిగితే విజిటింగ్ కార్డు వెనకాల అంకె రాసిచ్చాడు.

ఆ ఈవెంట్ వ్యూయర్ సంగతి ముందు చెప్పాలి, ఎందుకంటే భయపెట్టడానికి దీన్ని మించిన ఆయుధం వాళ్లకు లేదు. మీ కంప్యూటర్‌లో ఇప్పుడే తెరిచి చూడండి. మొన్న కొన్నదైనా సరే ఎర్ర గుర్తులు, పసుపు గుర్తులు కనిపిస్తాయి. ఏదో సర్వీసు మొదలవడం ఆలస్యమైనా, కరెంటు పోయి సిస్టమ్ మధ్యలో ఆగిపోయినా విండోస్ అందులో ‘ఎర్రర్’ అని రాసుకుంటుంది. అది కంప్యూటర్ రాసుకునే రోజువారీ లాగ్. బాగున్న కంప్యూటర్‌లోనూ ఆ ఎర్రర్లు ఉంటాయి. కంపెనీ వాళ్లమంటూ ఫోన్ చేసి మోసం చేసేవాళ్లు ఎన్నో ఏళ్లుగా ఇదే చూపిస్తున్నారు. మా ఇంటికి వచ్చినవాడు ఫోన్‌లో కాకుండా మా కుర్చీలో కూర్చుని, మా అమ్మ ఇచ్చిన టీ తాగుతూ చూపించాడు.

ఇంత చేశాక మర్నాడు పొద్దున్నే అదే పెట్టె మళ్లీ వచ్చింది. అప్పుడు నాకు చెప్పారు.

నేను వెళ్లి చూస్తే ఆ పెట్టెలోనే సమాధానం ఉంది. ఎర్ర అక్షరాల కింద చిన్న అక్షరాల్లో బ్రౌజర్ పేరు, దాని పక్కన ఏదో అర్థంపర్థంలేని వెబ్‌సైట్ అడ్రసు. అంటే అది యాంటీవైరస్ పంపింది కాదు, విండోస్ పంపింది కాదు. ఓ వెబ్‌సైట్ క్రోమ్ బ్రౌజర్ ద్వారా పంపే నోటిఫికేషన్, అంతే. పేపర్ల సైట్లు ‘తాజా వార్తలు పంపమంటారా’ అని అడుగుతాయి చూడండి, సరిగ్గా ఆ దారే. దొంగ సైట్లు ‘మీరు రోబో కాదని తెలియాలంటే అలౌ నొక్కండి’ అనో, ‘వీడియో రావాలంటే అలౌ నొక్కండి’ అనో అడుగుతాయి. నొక్కితే ఆ క్షణం నుంచి మన స్క్రీన్ మీద ఏ బొమ్మ, ఏ రాత కావాలంటే అది పంపే అనుమతి వాళ్లకు వచ్చేస్తుంది. యాంటీవైరస్ కంపెనీ గుర్తు పెట్టుకోవడం వాళ్లకు ఎంతసేపు? ఆ పెట్టె రావడం మాత్రాన కంప్యూటర్‌లో వైరస్ ఉన్నట్టు కాదు. దాని మీద నొక్కి, అక్కడ డబ్బు కట్టినా, ఏదైనా డౌన్‌లోడ్ చేసినా అసలు ప్రమాదం అప్పుడు.

క్రోమ్‌లో సెట్టింగ్స్, అందులో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, అందులో సైట్ సెట్టింగ్స్, అందులో నోటిఫికేషన్స్. అక్కడ అనుమతి ఉన్న సైట్ల జాబితా ఉంటుంది. ఆ అడ్రసు పక్కనున్న మూడు చుక్కలు నొక్కి తీసేశాను. పెట్టెలు ఆగిపోయాయి. ఇది కంప్యూటర్ రిపేరు చేసేవాడికి తెలియని సంగతి అంటే నేను ఒప్పుకోను.

అదొక్కటే అయితే 4,800 పోయాయని ఊరుకునేదాన్నేమో. వాడు ఎక్కించిన యాంటీవైరస్ తెరిచి చూస్తే, మూడేళ్లన్న లైసెన్సు వచ్చే మార్చితోనే అయిపోతుంది. ఎప్పుడో మొదలై సగం వాడేసిన లైసెన్సు కీ అది. ఇంకో సంగతి చూశాక నాకు వళ్లు మండిపోయింది. దూరం నుంచి మన కంప్యూటర్‌ను నడిపించే సాఫ్ట్‌వేర్ ఒకటి పెట్టి వెళ్లాడు. అది సిస్టమ్ ఆన్ చేయగానే మొదలయ్యేలా, ఇటువైపు ఎవరూ ఒప్పుకోనక్కర్లేకుండా పాస్‌వర్డ్ కొట్టి లోపలికి వచ్చేలా పెట్టాడు. నాన్నగారికి ఒక్క ముక్క చెప్పలేదు. ఆయన పెన్షన్ అకౌంట్ చూసుకునేది ఆ కంప్యూటర్‌లోనే. అప్పటికప్పుడు తీసేశాను. బ్యాంకు పాస్‌వర్డ్, మెయిల్ పాస్‌వర్డ్ నా ఫోన్ నుంచి మార్పించాను. అకౌంట్లో డబ్బు పోలేదు. కానీ ఇంటి తాళం చెవికి నకలు చేయించుకుని, చెప్పకుండా జేబులో వేసుకుని పోయినవాణ్ణి ఏమంటాం?

నిన్న షాపుకి వెళ్లాను. నాన్నగారు నేనూ వస్తానన్నారు. వద్దంటే వినలేదు, “వాడు నాతో మాట్లాడాడు, నేనే అడగాలి” అన్నారు.

కౌంటర్లో ఓనరు, పక్కన ఆ కుర్రాడు, ఇంకో ఇద్దరు ముగ్గురు కస్టమర్లు. నేను లైసెన్సు తేదీ ఫోటో చూపించాను. “సాఫ్ట్‌వేర్‌కి వారంటీ ఉండదు మేడమ్” అన్నాడు ఓనరు, మొహం కూడా పైకెత్తకుండా. వారంటీ అడగలేదండి, మూడేళ్లని చెప్పి అమ్మింది మూడేళ్లు ఎందుకు లేదని అడుగుతున్నాను అన్నాను. జవాబు లేదు. అప్పుడు ఆ కుర్రాణ్ణే అడిగాను: “ఆ పెట్టె బ్రౌజర్ నోటిఫికేషన్ అని నీకు తెలుసా, తెలీదా?”

“తెలుసు మేడమ్. అది ఆపేసి వచ్చేస్తే మాకేం మిగుల్తుంది?”

ఎంత తేలిగ్గా అన్నాడో! తెలియక పొరపాటు చేశాడని ఒక్క మూల ఏదో ఆశ ఉండేది, అదీ పోయింది. తెలిసి, మూసేసి, ఎర్ర గుర్తులు తెరిచి, మా అమ్మకి బ్యాంకు డబ్బు పోతుందని చెప్పాడు. ఆవిడ ఆ రాత్రి ఎన్నిసార్లు లేచి నాన్నగారిని “ఒకసారి బ్యాలెన్స్ చూడండి” అని అడిగిందో వాడికి తెలుసా?

నాన్నగారు నెమ్మదిగానే, “బాబూ, ఉన్నదున్నట్టు చెప్పుంటే వచ్చినందుకు ఐదొందలు ఇచ్చేవాణ్ణి కదా” అన్నారు. దానికి ఓనరు అందరూ వినేలా అన్న మాట ఇది: “ఈ వయసులో ఏవేవో సైట్లు చూడకుండా ఉంటే మీకీ గొడవే ఉండదు కదా అంకుల్.”

అక్కడున్నవాళ్లు నవ్వారు.

ముప్పై ఏళ్లకు పైగా ఫర్నేసుల పక్కన షిఫ్టులు చేసిన మనిషి. నైట్ డ్యూటీ నుంచి వచ్చి కూడా మమ్మల్ని కసురుకోని మనిషి. నలుగురిలో ఆయన్ని అంత మాట అనడానికి వాడికి నోరెలా వచ్చింది? ఆ మాటలో ఏ అర్థం పెట్టి అన్నాడో అక్కడున్న అందరికీ తెలుసు, నాన్నగారికీ తెలుసు. నేను గొడవ పడబోతే చెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చేశారు. దారిలో ఆసీల్‌మెట్ట దాటాక అన్నారు, “నేను ఏ తప్పుడు సైటూ చూడలేదమ్మా. పంచాంగం కోసం వెతికాను, అంతే.” నాకు తెలుసు నాన్నా అన్నాను. ఆయన నాకు అలా చెప్పుకోవాల్సి రావడమే నేను ఆ షాపుని క్షమించలేని సంగతి. డబ్బు తర్వాత.

ఇలాంటి షాపు ఇదొక్కటే అని అనుకోవద్దు. ఇదే భయం మీద పెద్ద వ్యాపారాలే నడుస్తున్నాయి. 2023 అక్టోబరులో సీబీఐ ‘ఆపరేషన్ చక్ర 2’ పేరుతో దేశంలో 76 చోట్ల సోదాలు చేసింది. మైక్రోసాఫ్ట్, అమెజాన్ ఇచ్చిన ఫిర్యాదులు కూడా అందులో ఉన్నాయి, వాళ్ల టెక్నికల్ సపోర్ట్ అని చెప్పుకుని విదేశాల్లోని వాళ్లను మోసం చేసిన కాల్ సెంటర్ల మీద. మనకు పక్కనే అచ్యుతాపురంలో, అమెరికా వాళ్లను ఫోన్ల మీద మోసం చేస్తున్న కాల్ సెంటర్‌ను 2025లో అనకాపల్లి పోలీసులు పట్టుకున్నారు. కంప్యూటర్ భాష తెలిసినవాళ్లు తెలియనివాళ్ల భయాన్ని అమ్ముకోవడం, అక్కడైనా ఇక్కడైనా జరిగేది ఇదే.

ఇంకో రకం హెచ్చరిక ఉంది, మా కొలీగ్ ఇంట్లో వచ్చింది. స్క్రీన్ మొత్తం నిండిపోయి, సైరన్ మోగుతూ, ‘కంప్యూటర్ లాక్ అయింది, ఈ నంబరుకి ఫోన్ చేయండి’ అని. ఆ నంబరే మోసం. మైక్రోసాఫ్ట్ ఇచ్చే ఎర్రర్ మెసేజ్‌లో ఫోన్ నంబరు ఎప్పుడూ ఉండదు, ఆ మాట వాళ్లే చెబుతారు. అది కూడా వెబ్ పేజీయే. ఎస్కేప్ మీట కాసేపు నొక్కి పట్టుకోండి, లేదా కంట్రోల్, ఆల్ట్, డిలీట్ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్‌లో బ్రౌజర్‌ను మూసేయండి. మళ్లీ తెరిచినప్పుడు పాత పేజీలు తెరవమంటారా అని అడిగితే వద్దనండి.

నిజమైన గడువు మెసేజ్‌లు కూడా వస్తాయి, కాదనను. కొత్త ల్యాప్‌టాప్‌తో పాటు కొన్నాళ్ల ఉచిత ట్రయల్ యాంటీవైరస్ వస్తుంది. అది అయిపోయాక కొనమని రోజూ అడుగుతుంది. అది దొంగది కాదు, కానీ కొనాలన్న రూలూ లేదు. దాన్ని అన్‌ఇన్‌స్టాల్ చేస్తే విండోస్‌లోనే ఉన్న డిఫెండర్ అనే యాంటీవైరస్ తనంతట తాను పని మొదలుపెడుతుంది. విండోస్ 10లోనూ 11లోనూ అది ఉంది, పైసా కట్టక్కర్లేదు. స్టార్ట్‌లో ‘విండోస్ సెక్యూరిటీ’ అని కొట్టి తెరిస్తే ఆకుపచ్చ గుర్తు కనిపిస్తుంది. నిజంగా ఏదైనా వైరస్ దొరికితే అక్కడే చూపిస్తుంది. అనుమానమొస్తే స్క్రీన్ మీద పడిన పెట్టెను నొక్కకుండా ఇక్కడికి వెళ్లి చూడండి. కొన్న యాంటీవైరస్ ఉంటే దాన్ని తెరిచి లోపల గడువు తేదీ చూడండి.

విండోస్ 10 ఉన్నవాళ్లను ఇప్పుడు ఇంకోలా భయపెడుతున్నారు, ‘అది ఆపేశారు కదా, డిఫెండర్ పనిచేయదు, యాంటీవైరస్ కొనాల్సిందే’ అని. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసిన మాట నిజం. కానీ డిఫెండర్‌కి కొత్త వైరస్‌ల సమాచారం 2028 అక్టోబర్ వరకు ఇస్తామని మైక్రోసాఫ్ట్ చెప్పింది. విండోస్‌కి ఆగిపోయిన సెక్యూరిటీ అప్‌డేట్ల లోటును, కొన్న యాంటీవైరస్ ఎలాగూ తీర్చలేదు.

ఇంటికి మనిషిని పిలవాల్సి వస్తే, డబ్బు మాట రాకముందే ‘ఆ పెట్టెలో ఉన్న అడ్రసు ఏంటో చదివి చెప్పు’ అని అడగండి. చదవకుండా ఈవెంట్ వ్యూయర్ తెరిస్తే పంపించేయండి. బిల్లు లేకుండా రూపాయి ఇవ్వకండి. బిల్లు ఇవ్వకపోవడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అన్యాయ వ్యాపార పద్ధతే. నేను వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తున్నాను, తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను. 5 లక్షల లోపు విలువకి అక్కడ ఫీజు లేదు. విజిటింగ్ కార్డు వెనక రాత, యూపీఐ రసీదు, లైసెన్సు తేదీ ఫోటో, అన్నీ నా దగ్గరున్నాయి. బ్యాంకు డబ్బు పోయినవాళ్లు మాత్రం నిమిషం ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చేయండి, ఎంత త్వరగా చేస్తే డబ్బు ఆపగలిగే అవకాశం అంత ఎక్కువ.

ఆ షాపు వాళ్లు ఇప్పటికే మీ ఇంటికి వచ్చి వెళ్లుంటే, సెట్టింగ్స్‌లో యాప్స్ జాబితా ఇవాళే తెరవండి. దూరం నుంచి కంప్యూటర్‌ను నడిపించే ఎనీడెస్క్, టీమ్‌వ్యూయర్, అల్ట్రావ్యూయర్ లాంటివి మీకు తెలియకుండా ఉంటే తీసేయండి. అవి మంచి సాఫ్ట్‌వేర్‌లే, కానీ మీరు పెట్టుకోనిది మీ ఇంట్లో ఉండకూడదు. తీసేశాకే పాస్‌వర్డ్‌లు మార్చండి, అదీ వేరే ఫోన్ నుంచి. మీకూ ఇలా జరిగుంటే కింద రాయండి, అందరి ఫిర్యాదులూ కలిపి పెడదాం.