వీలునామా రాయించిన లాయరమ్మ గారితో ఎనిమిదేళ్లు

“మీరిద్దరూ లేని రోజున పొద్దున్నే అమ్మాయికి పళ్లు తోమించేదెవరు పిన్నిగారూ?”

2017లో మొదటిసారి వెళ్లినప్పుడు లాయరమ్మ గారు అడిగిన మొదటి ప్రశ్న ఇది. మావారికీ నాకూ నోట మాట రాలేదు. అప్పటి నుంచి మా ఇంటి కాగితాలన్నీ ఆవిడే చూస్తున్నారు. మధ్యలో మావారు పోయారు. రాయించిన వీలునామా అవసరం పడ్డ రోజున ఎలా పనిచేసిందో కళ్లారా చూశాను. మా పెన్షనర్లలో చాలామంది అడుగుతున్నారు గనక వివరంగా రాస్తున్నాను.

మాది తెనాలి. నేను హైస్కూల్లో తెలుగు టీచరుగా, మావారు మండల పరిషత్ ఆఫీసులో సూపరింటెండెంటుగా రిటైరయ్యాం. అబ్బాయి టెక్సాస్‌లో ఉంటాడు. అమ్మాయికి ఇప్పుడు 36 ఏళ్లు, పుట్టుకతోనే బుద్ధిమాంద్యం. సొంతిల్లు, ఎకరం ఇరవై సెంట్ల మాగాణి, కొన్ని డిపాజిట్లు ఉన్నాయి.

అంతకుముందు రెండు చోట్ల తిరిగాం. రిజిస్ట్రారాఫీసు దగ్గర ఒక దస్తావేజు లేఖరి అరగంటలో రాసిచ్చాడు. మా తర్వాత ఆస్తి పిల్లలిద్దరికీ చెరిసగం. సంతకం పెట్టడం రాని పిల్ల ఆ సగాన్ని ఏం చేసుకుంటుందని అతనూ అడగలేదు, మాకూ తట్టలేదు. తర్వాత ఒక లాయరు గారు, ఇల్లు ఇప్పుడే అబ్బాయి పేర సెటిల్‌మెంట్ (బతికుండగానే ఆస్తి రాసిచ్చే దస్తావేజు) రాసెయ్యండి, వీలునామా గొడవే ఉండదన్నారు. దాదాపు రాసేశాం కూడా. స్టాంపు ఖర్చు ఎంతవుతుందో కనుక్కొచ్చాం.

ఆపింది ఈవిడే. “బాబాయిగారూ, సెటిల్‌మెంట్ రిజిస్టరైన రోజునే ఇల్లు వాళ్లదైపోతుంది. వీలునామా అయితే మీ కంఠంలో ప్రాణం ఉన్నంతవరకు మార్చుకోవచ్చు” అన్నారు. రాసే తీరాలనుకుంటే, మమ్మల్ని చూసుకోవాలన్న షరతు దస్తావేజులోనే ఉండాలన్నారు. 2007 నాటి వృద్ధుల సంక్షేమ చట్టం 23వ సెక్షన్ కింద, ఆ షరతు తప్పితే ఆర్డీవో గారి ట్రిబ్యునల్‌కు వెళ్లి దస్తావేజును రద్దు చేయించుకోవచ్చట. షరతు రాయని తల్లిదండ్రులు ఎంత ఇబ్బంది పడతారో ఆవిడ చెబుతుంటే నాకు ఒళ్లు జలదరించింది. మా అబ్బాయి అలాంటివాడు కాదు. అయినా కాగితం మీద ఉండాల్సింది ఉండాలి.

వీలునామా రాయడానికి ఆవిడకు నెలన్నర పట్టింది. పొలంలో పిత్రార్జితం ఎంత, స్వార్జితం ఎంత అని విడదీశారు. పాత దస్తావేజులు, ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల వివరం), అడంగల్ (పొలం సాగు వివరాల రికార్డు), పాసుపుస్తకం అన్నీ పక్కపక్కన పెట్టి హద్దులు సరిచూశారు. నాకు “జీవితాంతం అనుభవించే హక్కు” మాత్రమే ఇద్దామని మావారు అనుకున్నారు. భార్యకు అలా పరిమితంగా రాస్తే, అది పూర్తి హక్కుగా మారిపోతుందా లేదా అని 1956 హిందూ వారసత్వ చట్టం 14వ సెక్షన్ దగ్గర చిక్కులొస్తాయని ఆవిడ హెచ్చరించారు. మన ఆంధ్ర నుంచే సుప్రీంకోర్టుకు వెళ్లిన తులసమ్మ కేసులో 1977లో తీర్పు వచ్చినా, ఇలాంటి వాదనలు ఇంకా నడుస్తూనే ఉన్నాయట. చివరికి ఇల్లు నాకు సర్వహక్కులతో, పొలం, డిపాజిట్లు అమ్మాయి పోషణకు అని రాశాం.

సంతకాల రోజు బాగా గుర్తు. నన్నూ, సెలవుకు వచ్చిన అబ్బాయినీ బయట వరండాలో కూర్చోమన్నారు. లోపల మావారి చేత వీలునామా మొత్తం పైకి చదివించారు. కిటికీలోంచి ఆయన గొంతు వినబడుతోంది. అమ్మాయి పేరు దగ్గర ఒకసారి ఆగి, మళ్లీ మొదలుపెట్టారు. సాక్షులుగా మాకంటే పాతికేళ్లు చిన్నవాళ్లను తెమ్మన్నారు, రేపు కోర్టులో చెప్పాల్సి వస్తే ఉండాలి కదా అని. మా స్కూల్లో లెక్కల మాస్టారు, ఎదురింటి మందుల షాపు అబ్బాయి వచ్చారు. ఆస్తిలో పైసా రానివాళ్లే ఉండాలని గట్టిగా చెప్పారు. వీలునామాకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాకపోయినా చేయించారు. డాక్టరు సర్టిఫికెట్ కూడా జత చేశారు.

మావారు 2022 మార్చిలో పోయారు. పదకొండో రోజు దాటాక ఆవిడే ఇంటికొచ్చి, ఏ ఆఫీసుకు ముందు వెళ్లాలో తెల్లకాగితం మీద వరసగా రాసిచ్చారు. మరణ ధ్రువీకరణ, కుటుంబ సభ్యుల సర్టిఫికెట్, పెన్షన్, బ్యాంకు, ఇంటిపన్ను, పొలం మ్యుటేషన్ (రికార్డుల్లో పేరు మార్పు). అమెరికాలోలాగా ప్రొబేట్ కోసం, అంటే వీలునామా నిజమైనదేనని కోర్టు చేత ధ్రువీకరించుకోవడానికి, కోర్టుకెక్కాలేమోనని మా అబ్బాయి కంగారుపడ్డాడు. మన దగ్గర అది తప్పనిసరి కాదని ఫోన్లో ఓపిగ్గా చెప్పారు. బ్యాంకు పని నెలలోపే అయిపోయింది. నామినీ చేతికొచ్చిన డబ్బు నామినీ సొంతమైపోదని, వారసులకు చేరాల్సిందేనని 2017లోనే నచ్చజెప్పి, డిపాజిట్లన్నిటికీ నామినీలను వీలునామాకు తగ్గట్టు మార్పించారు. అందుకే ఎక్కడా పేచీ రాలేదు.

ఒక్క పాత బీమా పాలసీ మాత్రం మా అందరి కన్నూ తప్పింది. బీరువాలో పెళ్లిపట్టుచీర మడతల్లో దొరికింది. అందులో నామినీ మా అత్తగారు, ఆవిడ పోయి అప్పటికే పద్దెనిమిదేళ్లు. డబ్బు చేతికి రావడానికి ఏడు నెలలు పట్టింది. మీ ఇంట్లో పాత పాలసీలుంటే ఈ రోజే తీసి నామినీ ఎవరో చూడండి. బ్యాంకు ఖాతాలకైతే 2025 నవంబరు నుంచి నలుగురిదాకా పెట్టుకోవచ్చు.

2023లో అమ్మాయి కోసం ట్రస్టు పెట్టించాం, అంటే ఆమె కోసం ఉంచిన సొమ్మును ట్రస్టీలనే నమ్మకస్తులు చూసుకునే ఏర్పాటు. నేనైతే ఈ పని కోసమే ఎవరికైనా ఆవిణ్ణి చూపిస్తాను. ఇల్లు ఇప్పుడే ట్రస్టుకు రాస్తే స్టాంపు ఖర్చు పడుతుంది, వీలునామా ద్వారా వెళ్తే పడదు. కాబట్టి కొద్ది సొమ్ముతో ట్రస్టు మొదలుపెట్టి, నా తర్వాత మిగతాది దానికి చేరేలా నా వీలునామా తిరగరాశారు. ట్రస్టీలుగా అబ్బాయి, మా మేనకోడలు. ఒకరైనా ఇక్కడే ఉండాలని ఆవిడ పట్టుబట్టారు. 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద కలెక్టరు గారి కమిటీ ద్వారా అమ్మాయికి చట్టబద్ధమైన గార్డియన్ ఏర్పాటు కూడా చేయించారు. గార్డియన్ ఏటా లెక్కలు అప్పజెప్పాలని తెలిసి నాకు కొంత నిశ్చింత కలిగింది. నా తర్వాత ఫ్యామిలీ పెన్షన్ అమ్మాయికి వచ్చేలా మెడికల్ బోర్డు సర్టిఫికెట్‌తో కాగితాలు పెట్టించిందీ ఆవిడే.

లోపాలు లేవని కాదు. ఫోన్ ఒక పట్టాన ఎత్తరు. కోర్టు ఉన్న రోజుల్లో సాయంత్రం ఆరు దాటితేగానీ దొరకరు. రిజిస్ట్రేషన్ అయిపోయాక చూస్తే ట్రస్టు దస్తావేజులో ఇంటి నంబరు తప్పు పడింది. సవరణ దస్తావేజు రాయించేదాకా నాకు నిద్ర పట్టలేదు. దానికి ఫీజు తీసుకోలేదు, స్టాంపు ఖర్చు కూడా ఆవిడే పెట్టుకున్నారు. ఇన్‌కమ్ ట్యాక్సు సంగతి తనకు రాదని ముందే చెప్పి ఆడిటరు దగ్గరికి పంపారు. రాని పని రాదని చెప్పే మనిషి కనక నాకు గురి కుదిరింది. వీలునామాలకు ఒక్కొక్కదానికి ఎనిమిది వేలు, ట్రస్టుకు నలభై వేలు తీసుకున్నారు. లేఖరి కంటే చాలా ఎక్కువే. నాకైతే ఎక్కువనిపించలేదు.

దస్తావేజులన్నీ అయ్యాక ఇంకో కాగితం రాయమన్నారు. చట్టంతో దానికి పనిలేదు, ట్రస్టీలు చదువుకోవడానికట. అమ్మాయి గురించి అమ్మకు మాత్రమే తెలిసినవన్నీ అందులో ఉండాలి. మూడు రాత్రులు కూర్చుని రాశాను. కుక్కరు విజిలేస్తే భయపడుతుంది, ముందే చెవుల మీద చేతులు వేయాలి. పెరుగన్నంలో ఉప్పు ఎక్కువైతే ముద్ద ముట్టదు. నొప్పి ఎక్కడో చెప్పలేదు గానీ కుడిచేతి బొటనవేలు కొరుక్కుంటుంటే పంటినొప్పి అని అర్థం. నిద్రపోయే ముందు నాన్న కండువా చేతికివ్వాలి.

ఏటా సంక్రాంతికి వెళ్లి ఆ కాగితం మార్చి వస్తాను. ఈసారి ఒక వాక్యం కొట్టేశాను, ఇప్పుడు తన జడ తనే వేసుకుంటోంది.