అమెరికా ఇంజనుకు కాజీపేట రంగు: నాలుగేళ్ల తర్వాత

మా మామయ్య కాజీపేట డీజిల్ షెడ్డులో ఫిట్టరుగా పనిచేశారు. ఆయన దగ్గరున్న ఒక పాత ఫొటోలో మెరూన్ రంగు డబ్ల్యూడీఎం-2 డీజిల్ ఇంజను నిలబడి ఉంటుంది, నడుముకు పసుపు పట్టీతో. ఆ ఒక్క ఇంజనునే 1:87 కొలతలో, అంటే అసలులో 87వ వంతు బొమ్మగా, చేసుకోవాలని మొదలుపెట్టాను. అది పూర్తయి ఈ వానాకాలానికి నాలుగేళ్లు. వారానికి రెండు సాయంత్రాలు బల్ల మీది పట్టాలపై తిరుగుతోంది. కొత్తలో రాసి ఉంటే అంతా మురిపెమే అయ్యేది. ఇప్పుడైతే ఏది నిలిచిందో, ఏది రాలిందో చెప్పగలను.

మూలంగా తీసుకున్నది అమెరికా ఇంజన్ల కంపెనీ ఆల్కో వారి ఆర్‌ఎస్‌డీ-12కు చేసిన పాత మోడల్. దూరపు చుట్టరికమేమీ కాదు. డబ్ల్యూడీఎం-2 కూడా ఆల్కో రూపకల్పనే. 1962లో అమెరికా నుంచి తొలి ఇంజన్లు వచ్చాయి, 1964 నుంచి వారణాసిలో తయారయ్యాయి. రెండింటి కిందా ఒకే తరహా బోగీ (చక్రాలను పట్టి ఉంచే చట్రం): మూడు ఇరుసులు, వాటి మధ్య ఎడం అసమానం. బోగీలో ఈ ఎడం కుదరకపోతే పైన ఎంత మంచి రంగు వేసినా అది వేరే ఇంజనే. పోలిక మాత్రం అక్కడితో ఆగిపోతుంది. ఆర్‌ఎస్‌డీ-12లో 12 సిలిండర్లు, 1,800 హార్స్‌పవర్. మనదానిలో 16 సిలిండర్లు, 2,600. అందుకే రేడియేటర్ వైపు భాగాన్ని కోసేసి ప్లాస్టిక్ షీటుతో మళ్లీ కట్టాను. క్యాబు (డ్రైవరు గది) కూడా కొత్తదే. మన బ్రాడ్‌గేజ్ పట్టాల మధ్య ఎడం 1,676 మిల్లీమీటర్లు, ఈ కొలతలో 19 దాటాలి. నా పట్టాలు 16.5. ఎదురు నుంచి చూస్తే కాళ్లు దగ్గర పెట్టుకుని నిలుచున్నట్లు ఉంటుంది. దాని జోలికి పోలేదు.

పాత రంగును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో నానబెట్టి తీశాను. బూడిదరంగు ప్రైమర్ మీద ముందు పసుపు, ఆ తర్వాతే మెరూన్. ఈ వరుస తిప్పితే చిక్కే: ముదురు రంగు మీద పసుపు నాలుగు పూతలు వేసినా మురికిగానే ఉంటుంది. పట్టీ మీద టామియా మాస్కింగ్ టేపు అంటించి, దాని అంచు వెంట మళ్లీ పల్చగా పసుపే కొట్టాను. టేపు కిందికి రంగు పాకితే ఆ పాకేది పసుపే కాబట్టి ఎవరికీ కనపడదు. నాలుగేళ్లయినా ఆ గీత కత్తితో కోసినట్లే ఉంది. మెరూన్ విషయంలో మొదట తప్పు చేశాను. అసలు ఇంజనుకు సరిపోయే ముదురు రంగే కలిపితే, ఇంటి వెలుతురులో బొమ్మ నల్లగా కనిపించింది. నాలుగైదు చుక్కల తెలుపు కలిపాకే ఫొటోకు దగ్గరపడింది.

అన్నిటికంటే ఎక్కువగా ఏడిపించినవి అంకెలు. క్యాబు పక్కన ఐదంకెల నంబరు పసుపులో ఉండాలి. ఇంటి ప్రింటరులో తెల్ల సిరా ఉండదు. పారదర్శకమైన డెకాల్ కాగితం (నీళ్లలో తడిపి అంటించే అచ్చు కాగితం) మీద అచ్చువేసిన పసుపు మెరూన్ మీద అంటించగానే మాయమైపోయింది. తెల్ల కాగితం తెచ్చి అంకెల చుట్టూ మెరూన్ కూడా అచ్చువేశాను. మొదటి నెల బాగానే ఉంది. కిటికీ పక్కన ఉంచడం వల్లనేమో, ఏడాదికల్లా ఆ ముక్క వెలిసి, గోడకు అంటించిన కరపత్రంలా తేలింది. చివరికి వినైల్ స్టిక్కరు మీద అంకెలు కోయించి, ఆ రంధ్రాల్లోంచి ఎయిర్‌బ్రష్‌తో పసుపు కొట్టాను. మూడు మిల్లీమీటర్ల అంకెలు, రెండు సార్లు చెడిపోయాయి, మూడోసారి కుదిరాయి. ఇప్పటికీ చెక్కుచెదరలేదు. కొత్తగా మొదలుపెట్టేవారు డెకాల్ కాగితానికి డబ్బు తగలేయకుండా నేరుగా ఇక్కడికే రావచ్చు.

వానాకాలంలో వార్నిష్ కొట్టకండి. ముసురు పట్టిన రాత్రి తొందరపడి మ్యాట్ (మెరుపులేని) స్ప్రే కొడితే తెల్లారేసరికి పైకప్పంతా పాలమీగడ కట్టినట్లయింది. వారం తర్వాత ఎండ కాసిన రోజున పల్చగా మెరుపు (గ్లాసీ) వార్నిష్ పూత వేస్తే తేటపడింది. అప్పటిదాకా నాకు నిద్ర లేదు.

పని ముగిశాక మామయ్యకు చూపించాను. కళ్లజోడు పైకి నెట్టి, "పొగగొట్టం చుట్టూ ఇంత తళతళలాడితే ఇది మా షెడ్డు బండి కాదురా" అన్నారు. బొగ్గు సుద్దను నూరి, మెత్తటి బ్రష్‌తో పైకప్పుకు అద్దాను. తాకిన చోటల్లా అది వేలికి అంటుతుంది. ఏటా మళ్లీ అద్దుతున్నాను.

బఫర్లు కూడా చికాకు పెట్టాయి. అమెరికా మోడల్‌కు అవి ఉండవు కాబట్టి ఇత్తడివి బిగించాను. చూడ్డానికి అందమే, కానీ బిగువైన మలుపులో పెట్టె బఫర్లతో చిక్కుకుని ఇంజను పట్టాలు దిగేది. ఒకటిన్నర మిల్లీమీటర్లు అరగదీశాక సర్దుకుంది.

నిలవనివి చేతికమ్మీలు. 0.4 మిల్లీమీటర్ల ఇత్తడి తీగను శుభ్రంగా తుడవకుండానే ప్రైమర్ కొట్టేశాను. ఎత్తేటప్పుడు వేళ్లు తగిలే చోట రంగు ఊడి ఇత్తడి మెరుస్తోంది. ఎడమవైపువి నిన్ననే ఊడదీశాను. గరుకు కాగితంతో రుద్ది, లోహానికి వేసే ప్రైమర్‌తో మళ్లీ మొదలుపెట్టాలి. కుడివైపు దసరా సెలవుల్లో.