చప్పుడు దొరికిన తర్వాతే సామాను మార్చే షెడ్డు

పాత స్పోర్ట్స్ కారు కింద నుంచి వచ్చే చప్పుడు ఎక్కడ పుడుతోందో తేల్చడం ఒక పని, తేల్చిన తర్వాత అరిగిన భాగాన్ని మార్చడం మరో పని. చాలా వర్క్‌షాపులు రెండో పనికి బిల్లు వేసి, మొదటి పనిని అంచనాకు వదిలేస్తాయి. వరంగల్ ఆటోనగర్‌లో సస్పెన్షన్, స్టీరింగ్ పనులు మాత్రమే చేసే ఒక చిన్న షెడ్డు ఇందుకు భిన్నంగా మొదటి పనికే ఎక్కువ సమయం పెట్టి, దానికి విడిగా డబ్బు తీసుకుంటుంది. నా ఆడి టీటీని అక్కడ బాగు చేయించి, కొన్ని నెలలు నడిపి చూసిన తర్వాత ఈ సమీక్ష రాస్తున్నాను. తన పేరు, ఫోన్ నంబరు ఇంటర్నెట్‌లో పెట్టవద్దని షెడ్డు యజమాని కోరినందువల్ల అవి ఇందులో ఇవ్వడం లేదు.

కారు రెండో తరం టీటీ, 2010 మోడల్. 2006 నుంచి 2014 వరకు తయారైన ఈ కారు పైకి ఎంత ప్రత్యేకంగా కనిపించినా, కింద మాత్రం మన రోడ్ల మీద విరివిగా తిరిగిన స్కోడా లారాకు దగ్గరి చుట్టమే. రెండింటికీ ముందు మాక్‌ఫర్సన్ స్ట్రట్‌లు (స్ప్రింగు, షాక్ అబ్జార్బర్ ఒకటిగా ఉండేవి), వెనుక మల్టీ లింక్ (ఒక్కో చక్రాన్ని అనేక కడ్డీలతో పట్టి ఉంచే) సస్పెన్షన్ ఉంటాయి కాబట్టి, లారా పని బాగా తెలిసిన మేస్త్రీకి టీటీ కొత్తగా అనిపించదు. అయితే టీటీలో ముందు లోయర్ ఆర్మ్‌లు (చక్రాన్ని కింద నుంచి పట్టి ఉంచే చేతులు) అల్యూమినియంవి. లారా సామాను అన్నిచోట్లా నేరుగా సరిపోదు కనుక పార్ట్ నంబరు సరిచూడకుండా ఏదీ తెప్పించకూడదు. ఇక రబ్బరు విషయానికి వస్తే, కారు తిరిగినా తిరగకపోయినా దాని వయసు ఆగదు. వేడికీ గాలిలోని ఓజోన్‌కూ అది గట్టిపడి పగుళ్లిస్తుంది. మన వైపు వేసవుల్లో ఇంటి ముందు నిలిపి ఉంచిన కారుకైనా ఇది తప్పదు. పైగా టైరు గోడ ఎత్తు తక్కువ, స్ప్రింగులు గట్టివి అయినందువల్ల గుంతలో పడ్డ ప్రతి దెబ్బా మామూలు కారులో కంటే ఎక్కువగా బుష్‌ల మీదికి, అంటే కీళ్ల దగ్గరి రబ్బరు దిమ్మల మీదికి, వస్తుంది.

నా కారులో వినిపించినవి మూడు వేర్వేరు చప్పుళ్లు. కాజీపేట నుంచి హనుమకొండ వచ్చే దారిలో నెమ్మదిగా వెళ్తున్నప్పుడు, చిన్న చిన్న గతుకుల మీద ఎడమవైపు నుంచి గలగలమని సన్నటి మోత వచ్చేది. బ్రేకు వేసి ఆగినప్పుడు, రివర్స్ చేసి మళ్లీ ముందుకు కదిలినప్పుడు కాళ్ల కింద ధబ్‌మని మెత్తటి దెబ్బ తగిలేది. మూడోది మలుపులోంచి బయటికి వస్తూ స్టీరింగ్ సరిచేసే సమయంలో, లోహం లోహానికి తగిలినట్టు ఒకే ఒక్కసారి టక్‌మనేది. హైదరాబాద్ వైపు హైవే ఎక్కి వేగం అందుకున్నాక ఈ మూడింటిలో ఏదీ వినిపించేది కాదు. హైదరాబాద్‌లో ఒక వర్క్‌షాపు వాళ్లు ఈ మూడింటికీ షాక్ అబ్జార్బర్లే కారణమని చెప్పి, ముందువి రెండూ మార్చారు. విప్పి తీసిన పాత వాటి మీద ఆయిల్ జాడ లేదు, పనికి ముందు బానెట్ మూలను బలంగా నొక్కి వదిలినప్పుడు కారు ఊగకుండా వెంటనే కుదురుకునేది కూడా. మార్చిన తర్వాత ఒక్క చప్పుడూ తగ్గలేదు.

ఆటోనగర్ షెడ్డులో పని ప్రశ్నలతో మొదలైంది. చప్పుడు పొద్దున చల్లగా ఉన్నప్పుడు ఎక్కువా, ఇంజన్ వేడెక్కాక ఎక్కువా, వాన పడ్డ రోజు తగ్గుతుందా, బ్రేకు మీద కాలు ఉన్నప్పుడు మారుతుందా, రెండు చక్రాలూ ఒకేసారి స్పీడ్ బ్రేకర్ ఎక్కినప్పుడు వస్తుందా లేక ఒక చక్రం మాత్రమే గుంతలో దిగినప్పుడు వస్తుందా అని మేస్త్రీ వరుసగా అడిగారు. డిక్కీలో ఉన్న సామానంతా, జాకీతో సహా, బయట పెట్టించారు. ఆ తర్వాత నన్ను నడపమని పక్క సీట్లో కూర్చుని, గతుకుల మీద వెళ్తుండగా బ్రేకు పెడల్‌ను వేగం తగ్గనంత తేలికగా నొక్కి పట్టమన్నారు. బ్రేకు ప్యాడ్లు వాటి స్థానంలో వదులై కొట్టుకుంటుంటే ఆ మాత్రం ఒత్తిడికే మోత ఆగిపోతుంది. మాకు ఆగలేదు, కాబట్టి బ్రేకులను జాబితా నుంచి తీసేశారు.

ఒక చక్రం మాత్రమే గుంతలో దిగినప్పుడు మోత ఎక్కువవుతోందన్న నా జవాబు మేస్త్రీ దృష్టిని ఎడమ, కుడి చక్రాలను కలుపుతూ కారు ఒరగకుండా ఆపే యాంటీ రోల్ బార్ వైపు తిప్పింది. రెండు చక్రాలూ సమానంగా లేచి దిగినప్పుడు ఆ బార్ మెలిపడదు. ఒకటి లేచి మరొకటి కిందే ఉన్నప్పుడు మాత్రమే మెలిపడి, దాని చివరల ఉన్న లింక్ రాడ్‌ల మీద బరువు వేస్తుంది. లింక్ రాడ్‌కు రెండు చివరలా ఉండే చిన్న బాల్ జాయింట్లలో వెంట్రుకవాసి ఆట ఉన్నా మన రోడ్ల మీద అది గలగలమంటుంది. కారును లిఫ్ట్ మీద ఎత్తితే చక్రాలు వేలాడి జాయింట్ ఒకవైపుకు లాగి ఉంటుంది కాబట్టి ఆ ఆట చేతికి అందకపోవచ్చు. అందుకని కారును చక్రాల మీదే గోతి పైన నిలిపి, కుర్రవాడి చేత పక్క నుంచి ఊపిస్తూ, మేస్త్రీ కింద నుంచి లింక్ రాడ్‌ను వేళ్లతో పట్టుకుని చూశారు. ఎడమవైపు పై జాయింట్‌లో టకటక వేళ్లకు తెలిసింది, నన్ను కూడా దిగి పట్టుకుని చూడమన్నారు. అంతటితో ఒప్పుకోకుండా రెండు లింక్ రాడ్‌లనూ విప్పేసి, బార్‌ను పక్కకు కట్టి, దగ్గరలోనే నెమ్మదిగా ఒక చుట్టు తిప్పించారు. ఆ చుట్టులో మోత లేదు. బార్ లేని కారు మలుపుల్లో ఎక్కువగా ఒరుగుతుంది కనుక ఈ పరీక్ష అనుభవం ఉన్నవాళ్ల పర్యవేక్షణలో, ఖాళీ రోడ్డు మీద, తక్కువ వేగంతోనే చేయాలి.

రెండో చప్పుడు వాళ్లకు పెద్ద కష్టం కాలేదు. బ్రేకు వేసినప్పుడూ రివర్స్‌లోనూ చక్రం వెనక్కి, మళ్లీ ముందుకు కదిలినప్పుడు ముందుకు నెట్టబడుతుంది. ఆ కదలికను అదుపులో పెట్టేది లోయర్ ఆర్మ్ వెనుక బుష్. పొడవాటి ఇనుప కడ్డీతో ఆర్మ్‌ను నెట్టగానే బుష్ రబ్బరులో లోపలిదాకా వెళ్లిన చీలిక నోరు తెరిచింది.

అసలు నేర్పు మూడో చప్పుడు దగ్గర కనిపించింది. మలుపులో టక్‌మనడానికి స్ట్రట్ పైన ఉండే బేరింగ్, బాల్ జాయింట్, డ్రైవ్ షాఫ్ట్, స్టీరింగ్ రాక్, విరిగిన స్ప్రింగు చుట్టు, ఇంజన్ మౌంటింగ్ ఏదైనా కారణం కావచ్చు. నిలిపి ఉన్న కారులో కుర్రవాడు స్టీరింగ్‌ను ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పుతుండగా మేస్త్రీ స్ప్రింగు మీద అరచేయి ఆనించి ఉంచారు. పై బేరింగ్ పట్టేస్తే స్ప్రింగు మెలితిరిగి ఒక్క ఉదుటున విడిపోవడం చేతికి తెలుస్తుందట. ఇక్కడ స్ప్రింగు నున్నగా తిరిగింది. తర్వాత లోయర్ ఆర్మ్, స్ట్రట్, స్టీరింగ్ రాక్, వీటన్నిటినీ మోస్తూ బాడీకి బోల్టులతో బిగించి ఉండే సబ్‌ఫ్రేమ్‌లకు క్లిప్పులతో చిన్న మైక్రోఫోన్లు తగిలించి, హెడ్‌ఫోన్ పెట్టుకుని ఒక్కో ఛానెల్ మారుస్తూ ప్రయాణంలో విన్నారు. తిరిగొచ్చాక ఆయన అన్న మాట ఇది: "సార్, ఇది బుష్షు సప్పుడు గాదు. ఫ్రేమే జరుగుతాంది."

కారు లిఫ్ట్ ఎక్కాక సాక్ష్యం కూడా చూపించారు. సబ్‌ఫ్రేమ్‌ను బాడీకి పట్టి ఉంచే వెనుక బోల్టు తల పక్కన, మట్టి పట్టి నల్లబడ్డ లోహం మీద, నెలవంకలా సన్నగా తెల్లగా మెరిసే ఒక గీత ఉంది. కదలిక లేని చోట అలాంటి రాపిడి గుర్తు పడదు. ఈ బోల్టులు బిగించినప్పుడు కొద్దిగా సాగి, ఆ సాగిన బిగువుతోనే పట్టు నిలుపుకునే రకం. నిర్దేశించిన టార్క్‌కు (తిప్పే బలానికి) బిగించి, ఆపైన 90 డిగ్రీలు తిప్పాలి, ఒకసారి విప్పితే మళ్లీ వాడకూడదు. గతంలో గేర్‌బాక్స్ పని కోసం ఎవరో సబ్‌ఫ్రేమ్ దించి పాత బోల్టులనే బిగించి ఉంటారన్నది మేస్త్రీ అభిప్రాయం, గుర్తులు చూస్తే నాకూ అదే నిజమనిపించింది.

సామాను హైదరాబాద్ నుంచి ఆర్టీసీ కార్గోలో తెప్పించారు. బుష్‌లు, లింక్ రాడ్‌లు లెమ్‌ఫోర్డర్ అనే జర్మన్ బ్రాండువి, బోల్టులు కంపెనీవి. లింక్ రాడ్‌లు, బుష్‌లు ఒకవైపే పాడైనా జతగా మార్చారు, అది సరైన పద్ధతే. పని మొదలుపెట్టే ముందు చక్రం మధ్య నుంచి ఫెండర్ అంచు వరకు టేపుతో కొలిచి, ఆ కొలతను ఫెండర్ మీద అంటించిన కాగితపు టేపు మీద రాసుకోవడం నన్ను అన్నిటికంటే ఆకట్టుకుంది. బుష్ మధ్యలో వెళ్లే బోల్టును చక్రం గాలిలో వేలాడుతుండగా బిగిస్తే, కారు నేల మీదికి దిగగానే రబ్బరు మెలిపడి ఎప్పటికీ ఆ మెలిలోనే ఉండి త్వరగా చిరుగుతుంది. అందుకని వీళ్లు హబ్ (చక్రం బిగించే భాగం) కింద జాకీ పెట్టి, టేపు కొలత వచ్చేదాకా లేపి, అప్పుడు టార్క్ రెంచ్‌తో చివరి బిగింపు ఇచ్చారు. కొత్త బుష్‌లు ఏడాదికే పోయాయని బాధపడేవాళ్లు తమ మేస్త్రీని మొదట అడగవలసిన ప్రశ్న ఇదేనని నేను గట్టిగా నమ్ముతున్నాను. సబ్‌ఫ్రేమ్ విప్పే ముందు దాని స్థానానికి పెయింటుతో గుర్తులు పెట్టారు, ఎందుకంటే అది కాస్త పక్కకు జరిగినా రెండు చక్రాల క్యాంబర్ (నిలువుకు చక్రం వాలే కోణం) మారిపోతుంది.

చప్పుడు కనిపెట్టినందుకు 1,500 రూపాయలు తీసుకున్నారు. పని కూడా అక్కడే చేయిస్తే ఆ మొత్తాన్ని లేబర్‌లో తగ్గిస్తారు. సామాను, లేబర్ అంతా కలిపినా అంతకుముందు షాక్ అబ్జార్బర్లకు పెట్టిన ఖర్చులో సగం కాలేదు. విప్పిన భాగాలన్నీ సంచిలో వేసి ఇచ్చారు.

లోపాలు కూడా చెప్పాలి. షెడ్డులో చక్రాల కోణాలు సరిచేసే అలైన్‌మెంట్ యంత్రం లేదు. సబ్‌ఫ్రేమ్ విప్పిన కారుకు అలైన్‌మెంట్ తప్పనిసరి కాబట్టి అదే రోజు వేరే చోటికి తీసుకెళ్లవలసి వచ్చింది, ఆ ఖర్చు అదనం. బిల్లు తెల్ల కాగితం మీద రాసిస్తారు, అడిగితే తప్ప పార్ట్ నంబర్లు వేయరు. తర్వాత కారు అమ్మేటప్పుడు కొనేవాళ్లకు చూపించే కాగితం ఇదే కనుక ఈ అలవాటు మార్చుకుంటే బాగుంటుంది. సామాను రావడం ఆలస్యమైతే వాళ్లంతట వాళ్లు ఫోన్ చేయరు, మనమే కనుక్కోవాలి. కూర్చోవడానికి నీడ ఉన్న చోటు లేదు. అయస్కాంత ద్రవంతో పనిచేసే మాగ్నెటిక్ రైడ్ షాక్ అబ్జార్బర్లు ఉన్న టీటీల పని తాము చేయమని ముందే చెప్పేస్తారు, ఆ నిజాయితీ నాకు నచ్చింది.

ముందు భాగంలో ఇప్పుడు ఏ చప్పుడూ లేదు, ఫాతిమానగర్ వంతెన మీద కూడా కారు నిశ్శబ్దంగా వెళ్తోంది. వెనుక నుంచి మాత్రం పొద్దున పూట కీచుమని సన్నటి శబ్దం కొత్తగా వినిపిస్తే, మేస్త్రీ వెనుక యాంటీ రోల్ బార్ బుష్‌ల మీద నీళ్లు చల్లించారు. కాసేపు శబ్దం ఆగి, ఆరగానే మళ్లీ వచ్చింది. మామూలు గ్రీజు పూస్తే ఇప్పటికి శబ్దం ఆగుతుంది గానీ రబ్బరు ఉబ్బి పాడవుతుందని పూయడానికి ఒప్పుకోలేదు. కొత్త బుష్‌లు ఆర్డరు పెట్టారు, అవి రాగానే కారును మళ్లీ అదే షెడ్డుకు ఇస్తున్నాను.