పాత ఓమ్నీలో అరకు: వేడెక్కితే సెల్ఫ్ కొట్టని బండి

విశాఖ నుంచి అరకు సుమారు 115 కిలోమీటర్లు. అమ్మ, ఇద్దరు పిల్లలతో మా 2009 ఓమ్నీలో బయల్దేరాం. బండికి అప్పటికే ఒక జబ్బుంది. ఒక్కోసారి తాళం తిప్పితే 'టక్'మని ఊరుకుంటుంది, ఇంజిన్ తిరగదు. నాలుగైదుసార్లు తిప్పితే మామూలుగా అందుకుంటుంది. ఊళ్లో చూపిస్తే బ్యాటరీ పోయిందన్నారు. కొత్తది వేయించాను. జబ్బు మాత్రం పోలేదు.

టిఫిన్ శృంగవరపుకోటలో. ఘాట్ ఎక్కేముందు పెట్రోలు, గాలి ఇక్కడే చూసుకోండి.

బొర్రా గుహల్లో పిల్లలు నోరు తెరుచుకుని ఉండిపోయారు. నీళ్లు సున్నపురాయిని కరిగించి మలిచిన ఆ గోడల్ని ఎంతసేపైనా చూడొచ్చు. కానీ మెట్లు చాలా ఎక్కువ, పైగా తడి. మోకాళ్ల నొప్పులతో అమ్మ సగంలోనే కూర్చుండిపోయింది. పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు ముందే ఆలోచించుకోవాలి. బయటికొస్తే బండి మొరాయించింది. జీపుల కుర్రాళ్లు నలుగురు తోశారు, సెకండ్ గేరులో క్లచ్ వదిలితే అందుకుంది. డబ్బులిస్తే వద్దన్నారు.

రాత్రి అనంతగిరిలో చిన్న లాడ్జి. గది మామూలే, వేడినీళ్లు బకెట్లతో తెచ్చిచ్చారు. నాకు నచ్చింది గేటు ముందున్న వాలు. బండిని కిందివైపు తిప్పి నిలిపాకే నిద్రపట్టింది. పొద్దున్న ఆ చలిలో ఒక్క తిప్పుకే స్టార్టయింది. వేడెక్కాకే మొండికేస్తోందని అప్పుడు తట్టింది.

అరకులో ఎలక్ట్రీషియన్‌కి ఈ ముక్కే చెప్పాను. ఆయన వోల్టులు చూపే మీటరు వైర్లలో ఒకటి బ్యాటరీ నెగటివ్‌కి, రెండోది ఇంజిన్ ఇనుముకి ఆనించి, "ఓపాలి సెల్ఫ్ కొట్టండి సార్" అన్నారు. టక్. అర వోల్టు లోపే ఉండాల్సింది నాలుగు చూపించింది. "బ్యాటరీ బానే ఉందండి. ఎర్తే పోయింది."

ఎర్త్ అంటే బ్యాటరీ నెగటివ్‌ని బండి బాడీకి కలిపే వైరు. దాని నట్టు పైకి బిగుతుగానే ఉంది. విప్పితే వైరు కొసకీ బాడీకీ మధ్య పచ్చటి పొడి, తుప్పు. గోటితో గీకితే రాలింది. వేడికి ఆ కాస్త పట్టు కూడా వదిలేస్తోందట. ఇలాగే వదిలేస్తే కరెంటు యాక్సిలరేటర్ కేబుల్ గుండా దారి వెతుక్కుని దాన్ని కాల్చేస్తుందని కూడా చెప్పారు. ఎమిరీ కాగితంతో మెరిసేదాకా రుద్ది, కొత్త వైరు వేసి, బిగించాక గ్రీజు పూశారు. మళ్లీ మీటరు పెడితే 0.2. ముప్పావు గంట పని, 350 రూపాయలు. బ్యాటరీకి పెట్టిన వేలు తలుచుకుంటే ఇప్పటికీ బాధే. పాత బండి 'టక్'మంటే ముందు ఈ మీటరు పరీక్ష చేయించండి, డబ్బు తర్వాత తీయొచ్చు.

గిరిజన మ్యూజియం, పద్మాపురం తోట తీరిగ్గా చూశాం. మ్యూజియం అమ్మకి బాగా నచ్చింది, నడక తక్కువ.

తిరుగు దారిలో గాలికొండ దగ్గర కావాలనే ఇంజిన్ ఆపాను. ఎక్కి వచ్చిన వేడి ఇంకా సీటు కింద తెలుస్తోంది. కాఫీలు తాగి వచ్చి తాళం తిప్పాను. అందుకుంది. వెనక సీట్లో అమ్మ "హమ్మయ్య" అంది.