రిపోర్టుల మాక్రోలకు సెక్యూరిటీ: ఏళ్లుగా వాడాక నా అభిప్రాయం

అంకెలు ఎక్సెల్‌లో, స్లైడ్లు పవర్‌పాయింట్‌లో, రెండింటినీ కలపడానికి వీబీఏ మాక్రో, అంటే ఆఫీస్ ఫైల్‌లోనే ఉండి పనులు తనంతట తానే చేసే చిన్న కోడ్. మా టీమ్ నెలవారీ రివ్యూ డెక్ (స్లైడ్ల ఫైల్) ఏళ్లుగా ఇలాగే తయారవుతోంది. మాక్రో ఎలా రాయాలో చెప్పేవాళ్లు చాలామందే ఉన్నారు. రాసినదాన్ని నలుగురి చేతికి భద్రంగా ఎలా ఇవ్వాలన్న దగ్గరే అసలు పని ఉంది.

2022కి ముందు మెయిల్‌లో మాక్రో ఫైల్ వస్తే పైన పసుపు పట్టీ కనిపించేది, పక్కనే ‘ఎనేబుల్ కంటెంట్’ బటన్. లోపల ఏముందో చూడకుండా చాలామంది నొక్కేసేవారు. ఎమోటెట్ లాంటి మాల్‌వేర్‌లు ఆ అలవాటు మీదే బతికాయి. మైక్రోసాఫ్ట్ 2022 ఫిబ్రవరిలో కొత్త పద్ధతి ప్రకటించింది, జులైలో కొన్నాళ్లు ఆపింది, అదే నెలలో మళ్లీ మొదలుపెట్టింది. ఇప్పుడు ఇంటర్నెట్ నుంచి దిగిన ఫైల్‌లో మాక్రో ఉంటే ఎర్ర పట్టీ వస్తుంది, నొక్కడానికి ఎనేబుల్ బటనే ఉండదు. రిపోర్టులు చేసేవాళ్లకు మొదట్లో ఇది తలనొప్పే. ఇన్నాళ్లు వాడాక మాత్రం మంచి మార్పనే అంటాను.

ఆ పట్టీ రావడానికి కారణం విండోస్ ఫైల్‌కు తగిలించే ‘మార్క్ ఆఫ్ ద వెబ్’ అనే గుర్తు. ప్రాపర్టీస్ తెరిచి, జనరల్ ట్యాబ్ అడుగున ‘అన్‌బ్లాక్’ దగ్గర టిక్ పెడితే అది పోతుంది. ఒక్క ఫైల్‌కైతే సరే. టీమ్ మొత్తానికి దీన్నే నేర్పడం నాకు ససేమిరా ఇష్టం లేదు. ఇవాళ మన రిపోర్టుకు టిక్ పెట్టినవాళ్లు రేపు ఎవరో పంపిన ఇన్‌వాయిస్‌కూ పెడతారు.

ట్రస్టెడ్ లొకేషన్, అంటే నమ్మొచ్చని ఆఫీస్‌కు ముందే చెప్పిపెట్టిన ఫోల్డర్, అంతకంటే నయం. ఆ ఫోల్డర్‌లో ఉన్న మాక్రో అడ్డు లేకుండా నడుస్తుంది. అందుకే అక్కడ ఎవరు రాయగలరన్నదే ముఖ్యం. డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌నో, అందరికీ రైట్ పర్మిషన్ ఉన్న షేర్ డ్రైవ్‌నో ఆ జాబితాలో చేర్చితే వీధి తలుపు తీసిపెట్టి పడుకున్నట్టే.

నా ఓటు డిజిటల్ సంతకానికే, అంటే కోడ్ ఎవరిదో సర్టిఫికెట్‌తో చూపించే ముద్రకే. ఐటీ వాళ్లు సర్టిఫికెట్‌ను అందరి మెషీన్లలో ట్రస్టెడ్ పబ్లిషర్స్ జాబితాలోకి చేరిస్తే, వెబ్ గుర్తు ఉన్న ఫైల్‌లోనైనా మన మాక్రో నడుస్తుంది. ఆఫీస్ భద్రతా సెట్టింగులుండే ట్రస్ట్ సెంటర్‌లో సంతకం ఉన్నవి తప్ప మిగతా మాక్రోలన్నీ ఆపేసే సెట్టింగ్ పెట్టుకోవచ్చు. సంతకం చేసే రహస్య కీ లేని మెషీన్‌లో ఎవరైనా కోడ్ మార్చి సేవ్ చేస్తే సంతకం ఊడిపోతుంది. చూసేవాళ్లకు చిరాకే గానీ మనకు కావలసింది అదే, ఎవరో కోడ్ ముట్టుకున్నారని వెంటనే తెలిసిపోతుంది. ఆఫీస్‌తో వచ్చే సెల్ఫ్‌సర్ట్ టూల్‌తో సొంతంగా చేసుకునే సర్టిఫికెట్ పరీక్షలకే పనికొస్తుంది. బయట కొనాలంటే 2023 జూన్ నుంచి కీని హార్డ్‌వేర్ టోకెన్ లాంటి దానిలోనే ఉంచాలన్న నిబంధన ఉంది కాబట్టి ఆ ఏర్పాటు కూడా చూసుకోవాలి. సంతకంతో పాటు టైమ్‌స్టాంప్ (ఎప్పుడు సంతకం చేశారో చెప్పే ముద్ర) పడేలా చూడండి. లేకపోతే సర్టిఫికెట్ గడువుతో పాటే సంతకమూ చెల్లకుండా పోతుంది.

ఇక అందరి కన్నూ తప్పించుకునే విషయం ఒకటుంది. బ్రాంచీల నుంచి వచ్చిన వర్క్‌బుక్‌లను, డెక్‌లను మన మాక్రో ఒక్కొక్కటిగా తెరుస్తుంది కదా. అలా కోడ్ ద్వారా తెరిచినప్పుడు ‘ఆటోమేషన్ సెక్యూరిటీ’ అనే ప్రాపర్టీ చెప్పిందే చెల్లుతుంది. దాని డిఫాల్ట్ విలువ ‘లో’, అంటే మాక్రోలకు అనుమతి ఉన్నట్టే. ట్రస్ట్ సెంటర్‌లో మీరు ఎంత గట్టి సెట్టింగ్ పెట్టుకున్నా దాన్ని అది అడగదు. వచ్చిన వర్క్‌బుక్‌లో, ఫైల్ తెరవగానే జరిగే ‘వర్క్‌బుక్ ఓపెన్’ ఈవెంట్‌కు ఏదైనా కోడ్ రాసి ఉంటే, ఏ పట్టీ కనిపించకుండానే నడిచిపోవచ్చు. ఫైల్ తెరిచే లైన్‌కు ముందు ఆ ప్రాపర్టీని ‘ఫోర్స్ డిసేబుల్’ చేయండి. విలువ 3. పని అయ్యాక పాత విలువ తిరిగి పెట్టండి, ఎర్రర్ హ్యాండ్లర్‌లో (తప్పు జరిగినప్పుడు నడిచే కోడ్‌లో) కూడా. ఎక్సెల్‌కు, పవర్‌పాయింట్‌కు విడివిడిగా పెట్టాలి, ఒకదానికి పెడితే రెండోదానికి వర్తించదు. మిగతావన్నీ వదిలేసినా ఈ రెండు లైన్లు మాత్రం వదలకండి.

మా ఏర్పాటులో కోడ్ అంతా సంతకం ఉన్న ఒకే ఎక్సెల్ ఫైల్‌లో ఉంటుంది. టెంప్లేట్‌లో మాక్రో ఉండదు. మేనేజర్లకు వెళ్లేది పీపీటీఎక్స్ (మామూలు పవర్‌పాయింట్ ఫైల్) ఒక్కటే, ఆ ఫార్మాట్‌లో మాక్రోకు చోటే లేదు. పంపే ముందు చార్టులకు ఎక్సెల్‌తో ఉన్న లింకులను ‘బ్రేక్ లింక్’తో తెంచేస్తాం. లేకపోతే తెరిచిన ప్రతిసారీ లింకుల హెచ్చరిక వస్తుంది, పైగా మన సర్వర్ ఫోల్డర్ల దారి డెక్‌తో పాటే బయటికి పోతుంది.

మాక్రోలనే అనుమతించని ఆఫీసుల్లో ఉన్నవాళ్లు పైథాన్ ప్రోగ్రామింగ్ భాషలో వాడే పైథాన్-పీపీటీఎక్స్ లైబ్రరీ చూడండి. పవర్‌పాయింట్ లేని మెషీన్‌లోనైనా మామూలు పీపీటీఎక్స్ తయారుచేస్తుంది, చార్టులు కూడా తర్వాత ఎడిట్ చేసుకునేలా వస్తాయి. మేమూ కొత్త రిపోర్టులు దాంతోనే మొదలుపెడుతున్నాం, పాతవి సంతకంతో నడుస్తున్నాయి.