పిల్లల ఫిట్‌నెస్ కోచ్‌కి స్పోర్ట్స్ స్కూల్ మంచిదా, ప్రైవేట్ అకాడమీయా?

పిల్లలకు స్ట్రెంగ్త్ ట్రైనింగ్ ఇచ్చే పనిలోకి రావాలనుకునేవాళ్లకు హైదరాబాద్‌లో రెండు దారులున్నాయి. ఒకటి హకీంపేటలో ఉన్నదానిలాంటి రెసిడెన్షియల్ స్పోర్ట్స్ స్కూల్, రెండోది ప్రైవేట్ బ్యాడ్మింటన్ అకాడమీ.

హకీంపేటలో నాలుగో తరగతి నుంచే పిల్లల్ని చేర్చుకుంటారు. పరుగు, స్టాండింగ్ బ్రాడ్ జంప్ (నిలబడిన చోటు నుంచే ముందుకు దూకడం) లాంటి పరీక్షలు పెట్టి ఎంపిక చేస్తారు. తిండి, నిద్ర, చదువు అన్నీ అక్కడే. కోచ్‌కి అంతకంటే ఏం కావాలి? రాత్రి సరిగ్గా నిద్రపోని పిల్లాడు పొద్దున వార్మప్‌లోనే దొరికిపోతాడు. ప్రతి నెలా ఎత్తు కొలిచి రాసుకోవచ్చు. ఆడపిల్లలు 12 ఏళ్లకు, మగపిల్లలు 14 ఏళ్లకు అటూ ఇటుగా ఒక్కసారిగా పొడుగవుతారు. ఆ సమయంలో కొందరికి మోకాలిచిప్ప కింద ఎముక మీద వేలు పెడితే చాలు, 'అబ్బా' అంటారు. వాళ్లకు కొన్నాళ్లు గెంతులు తగ్గించాలి. రోజూ కళ్లముందు ఉంటేనే ఇది సాధ్యం.

అకాడమీలో స్కూల్‌కి ముందొక బ్యాచ్, సాయంత్రం ఇంకొకటి. మధ్యాహ్నం ఖాళీయే కానీ, ఇల్లు చేరేసరికి రాత్రవుతుంది. పేరున్న చోట జిమ్, ఫిజియో బాగుంటాయి. అసలు టెన్షన్ తల్లిదండ్రులతోనే. "బరువులెత్తితే మావాడు పొట్టిగా ఉండిపోతాడేమో సార్" అని ఒకరు భయపడతారు. సరైన పద్ధతిలో, కోచ్ పక్కనుండి చేయిస్తే అలా ఏమీ జరగదు. ఇంకొకరు టోర్నమెంట్ ఉందని విశ్రాంతి రోజు కూడా రమ్మంటారు.

14 ఏళ్లలోపు పిల్లలతో పనిచేయాలనుకుంటే నేను స్పోర్ట్స్ స్కూల్‌కే ఓటేస్తాను. కాకపోతే చేరేముందు ఉద్యోగం కాంట్రాక్టా, పర్మనెంటా అని గట్టిగా అడగండి.