కొండపల్లి అంబారీ, ఏటికొప్పాక తిరగలి: ఎక్కడ కొనాలి, ఎక్కడ దిగకూడదు

ముందే చెప్పేస్తున్నాను, వర్షాకాలంలో కొండపల్లి వెళ్లి బొమ్మలు కొంటే ఆ పెట్టెని ఏ లాడ్జి వాళ్ల చేతుల్లోనూ పెట్టకండి. "క్లోక్ రూం ఉంది మేడం, భద్రంగా ఉంటుంది" అని డబ్బులు కూడా తీసుకున్న చోటే నా అంబారీ ఏనుగు తడిసి రంగు కారిపోయింది. ఆ కోపం ఇంకా తగ్గలేదు, ఇదంతా రాయడానికి సగం కారణం అదే. మిగతా సగం ఏటికొప్పాకలో దొరికిన తిరగలి.

నేను పోగుచేసేది చెక్క బొమ్మలు. మన దగ్గర చేత్తో చేసేవి. ఇంట్లో నిర్మల్ పళ్లు, పక్షులు ఉన్నాయి, చెన్నపట్న గుర్రాలు ఉన్నాయి, తిరుపతి నుంచి తెచ్చిన మరపాచి జంట ఉంది. చాలాకాలంగా వెతుకుతున్నవి మాత్రం రెండు. ఒకటి, నీటిరంగులు వేసిన పాతరకం కొండపల్లి అంబారీ. ఇప్పుడు షాపుల్లో ఉండేవాటిలో ఎక్కువ మెరిసే ఎనామిల్ రంగులవి, కడిగినా పోవు, దుమ్ము తుడవడం తేలిక, అందుకే జనం అవే అడుగుతారు, కానీ నీటిరంగులో ఉండే ఆ మెత్తటి, మెరుపులేని నిండుదనం వాటికి రాదు. రెండోది, నిజంగా తిరిగే తిరగలి ఉన్న లక్కపిడతల సెట్టు. నాకు కనబడిన సెట్లన్నిటిలో తిరగలిని ఒకే చెక్కముక్కతో చేసి మధ్యలో ఒక గీత గీసి వదిలేశారు. పిల్ల తిప్పబోతే తిరగదు. తిరగని తిరగలి ఎందుకు?

హైదరాబాద్ నుంచి కారులోనే బయల్దేరాం, నేను, మా ఆయన, మా అత్తయ్య. అత్తయ్యకి అన్నవరంలో వ్రతం మొక్కు ఉంది కాబట్టి వచ్చారు. మా ఆయనకి బొమ్మల మీద ఏ ఆసక్తీ లేదు, డ్రైవింగ్ ఇష్టం, దారిలో టిఫిన్లు ఇష్టం. సూర్యాపేట దాకా ఏ గొడవా లేదు.

విజయవాడ ఇంకా రాకముందే హైవే పక్కన "ఒరిజినల్ కొండపల్లి బొమ్మలు" అని పెద్ద బోర్డు పెట్టిన షాపు కనిపిస్తే అత్తయ్య ఆపమన్నారు. లోపల అంబారీలు వరసగా నాలుగు సైజుల్లో ఉన్నాయి. ఒకటి చేతిలోకి తీసుకోగానే తెలిసిపోయింది, కొండపల్లిది కాదని. కొండపల్లి బొమ్మ తెల్లపొణికి కర్రతో చేస్తారు, ఆ కర్ర ఎంత తేలికంటే జానెడు బొమ్మ అరచేతిలో ఉన్నా బరువు తెలియదు. ఇది బరువుగా, చల్లగా ఉంది, కడుపు కింద అచ్చు గీత నిలువునా కనిపిస్తోంది. కొండపల్లిలో అచ్చు అనేదే ఉండదు, తల, చేతులు, కాళ్లు విడివిడిగా చెక్కి చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారు. అదే మాట అన్నాను, "ఇది చెక్క కాదు కదండీ" అని. 1,850 చెప్పిన మనిషి 900 అన్నాడు. నేను పక్కన పెట్టేసి తిరిగితే "కొంటే కొనండి, లేకపోతే ముట్టుకోకండి" అన్నాడు, అదీ అత్తయ్య వైపు చూసి. డెబ్బై ఏళ్ల మనిషితో అలాగేనా మాట్లాడేది? ఆవిడ కారెక్కాక చాలాసేపు నోరు విప్పలేదు. అచ్చుబొమ్మ అమ్మడం తప్పని నేను అనను, దాన్ని అచ్చుబొమ్మ అనే చెప్పి అమ్ముకోవచ్చు. పక్కనే నాలుగు మైళ్ల దూరంలో రోజంతా కూర్చుని చెక్కేవాళ్ల ఊరి పేరు దాని మీద పెట్టడమే మోసం. కొండపల్లి బొమ్మకి భౌగోళిక గుర్తింపు ఉంది, ఆ పేరు ఎవరు పడితే వాళ్లు వాడుకోవడానికి కాదు.

కాబట్టి హైవే మీద ఆగకండి, ఇబ్రహీంపట్నం దగ్గర తిరిగి తిన్నగా కొండపల్లి బొమ్మల కాలనీకి వెళ్లండి. ఇంటింటికీ ముందు గదిలోనే అమ్మకం, వెనక గదిలో పని. ఎవరింటికి వెళ్లినా కూర్చోబెట్టి చూపిస్తారు. నేను నీటిరంగుల అంబారీ కావాలని ముందే ఫోన్ చేసి చెప్పి పెట్టుకున్నాను, ఎందుకంటే దసరా కొలువులకి ముందు వాళ్లకి ఊపిరాడదు, అప్పటికప్పుడు అడిగితే ఎనామిల్‌వే ఇస్తారు. మేం వెళ్లేసరికి ఆ ఇంటాయన రెడ్డి రాజుల కాలం నుంచీ ఉన్న ఖిల్లా కొండని వీధిలోంచే చూపించి, అటువైపు అడవుల్లోంచే పొణికి వస్తుందని, ఇప్పుడు అది దొరకడమే కష్టమవుతోందని చెప్పారు. చెక్కేది ఆయన, రంగులు వేసేది ఆయన భార్య. సుద్ద పూత ఆరాక మేకవెంట్రుకల కుంచెతో కళ్లు దిద్దుతుంటే చూశాను, కనురెప్ప మీద గీత ఒక్కసారే లాగుతుంది ఆవిడ, దిద్దుబాటు ఉండదు.

ధరలు: అంబారీ 1,400. చిన్న దశావతారాల సెట్టు 1,600. తాటిచెట్టెక్కే గీత కార్మికుడు 350. బేరం ఆడలేదు, ఆడొద్దని మీకూ చెబుతాను. ఆ షాపువాడు అచ్చుబొమ్మకి చెప్పిన ధర కంటే ఇక్కడ చేతిపని అంబారీ 450 తక్కువ. ప్యాకింగ్‌కి డబ్బులు తీసుకోలేదు, గడ్డి పరిచి పాత న్యూస్‌పేపర్లు చుట్టి అట్టపెట్టెలో పెట్టి ఇచ్చారు. "నీళ్లు తగలనివ్వకండక్కా, ఇది పాత రంగు" అని రెండుసార్లు చెప్పింది ఆ ఇంటామె.

ఇక లాడ్జి సంగతి. విజయవాడలో, ఆన్‌లైన్‌లో ముగ్గురికని బుక్ చేసిన ఏసీ గది, 2,100 ముందే కట్టేశాం. కౌంటర్ దగ్గరికి వెళ్లాక "ఇద్దరికే మేడం, మూడో మనిషికి 600" అన్నాడు. ఫోన్‌లో బుకింగ్ చూపించాను, ముగ్గురు అని స్పష్టంగా ఉంది. "అది వాళ్ల యాప్‌లో, మాకు తెలీదు" అని సమాధానం. అత్తయ్య సోఫాలో కూర్చుని కాళ్లు నొక్కుకుంటున్నారు, ఆవిణ్ణి చూసి మా ఆయన కట్టేశాడు. 600 తీసుకుని ఇచ్చిన పరుపు మీద దుప్పటి లేదు, దుప్పటికి ఫోన్ చేస్తే గంటన్నర. బాత్రూంలో వేడినీళ్లు పొద్దున ఆరు నుంచి ఎనిమిది వరకే అని తలుపు వెనక కాగితం అంటించి ఉంది, గీజర్ ఉన్న గది అని బుకింగ్‌లో రాసుకున్నారు. ఇవన్నీ ఓర్చుకోవచ్చు.

మరుసటి రోజు దుర్గమ్మ దర్శనానికి ఇంద్రకీలాద్రి మీదికి వెళ్లాలి. కారు వద్దనుకుని ఆటోలో వెళ్లాం, లాడ్జి సెల్లార్‌లో కారు అడ్డంగా మూడు బళ్ల వెనక ఇరుక్కుని ఉంది, తీయించడానికి మనిషి లేడు. గది ఖాళీ చేయాల్సిన టైం అయిపోతుందని బ్యాగులు, బొమ్మల పెట్టె క్లోక్ రూంలో పెట్టమన్నారు, పెట్టెకి 100 చొప్పున 300 తీసుకుని చీటీ ఇచ్చారు. లోపల ఏముందో చెప్పాను, పైన పెద్ద అక్షరాలతో "తడవకూడదు" అని నేనే రాశాను. దర్శనం అయ్యేసరికి కుండపోత. తిరిగొచ్చి చూస్తే పెట్టె క్లోక్ రూంలో లేదు, మెట్ల కింద, వాన జల్లు కొట్టే చోట ఉంది. పెళ్లివాళ్ల సామాను వచ్చిందట, చోటు సరిపోలేదట, అందుకని "చిన్న పెట్టె కదా" అని బయట పెట్టారట. అట్ట నానిపోయి అడుగు ఊడిపోతోంది. దశావతారాలు పైవరసలో ఉన్నాయి కాబట్టి బతికాయి. అంబారీ ఒక వైపు పూర్తిగా తడిసింది, ఏనుగు వీపు మీద కప్పే ఎర్ర గుడ్డ రంగు కాళ్ల దాకా కారింది, మావటి ముఖం చెరిగిపోయింది, సుద్ద పొక్కులు లేచింది.

మేనేజరుని పిలవమంటే లేడన్నారు, ఓనరు నంబరు ఇవ్వమంటే ఇవ్వరు. "బొమ్మే కదా మేడం, ఇంకోటి కొనుక్కోండి" అన్నాడు కౌంటర్‌లో కుర్రాడు. చీటీ చేతిలో పెట్టుకుని కదలకుండా అక్కడే నిలబడితే చివరికి 300 వెనక్కిచ్చారు. అంతే. సారీ కూడా లేదు. ఆ యాప్‌లో ఫిర్యాదు పెట్టాను, 200 రూపాయల కూపన్ పంపారు, మళ్లీ బుక్ చేసుకుంటే వాడుకోవాలట.

అప్పుడు మా ఆయన చేసింది నేను ఊహించలేదు. అన్నవరం చేరడానికి ఆలస్యమవుతుందని పొద్దున్నుంచీ వాచీ చూసుకుంటున్న మనిషి, కారు తీయించి, మేం వెళ్లాల్సిన రాజమండ్రి వైపు కాకుండా వెనక్కి, కొండపల్లి వైపు తిప్పాడు. వాన ఆగలేదు. బొమ్మ చూడగానే ఆ ఇంటామె ముఖం చిన్నబోయింది, తిట్టలేదు, లోపలికి తీసుకెళ్లి పొడిగుడ్డతో అద్ది, లేచిన సుద్ద మెల్లగా గీకేసి, దూరంగా పెట్టిన కుంపటి సెగకి ఆరబెట్టింది. మళ్లీ సుద్ద పూత, మళ్లీ ఆరడం, ఆ తర్వాత రంగు. చేతిలో దసరా ఆర్డర్లు ఉండగా సగం రోజు మా ఏనుగుకే పెట్టింది. మావటికి ఈసారి మీసం పెట్టింది, అత్తయ్య అడిగితే. డబ్బులు వద్దంది, బలవంతాన 300 చేతిలో పెట్టాను, లాడ్జి నుంచి తిరిగొచ్చినవే. అత్తయ్య దుర్గమ్మ కుంకుమ, ఒక జాకెట్ ముక్క ఇచ్చారు.

అన్నవరంలో కొండ కింద ఒక ప్రైవేటు సత్రంలో గది 900, శుభ్రంగా ఉంది, వేడినీళ్లు ఎప్పుడు తిప్పినా వచ్చాయి. వ్రతం బాగా జరిగింది. గోధుమరవ్వ ప్రసాదం విస్తరాకులో వేడివేడిగా ఇచ్చారు, నెయ్యి ఆకుకి అంటుకునేంత, మా ఆయన నాలుగు పొట్లాలు తిని మధ్యాహ్నం భోజనం మానేశాడు.

అక్కణ్నుంచి తుని దాటి ఏటికొప్పాక గంట దాటి కాస్త. వరాహ నది ఒడ్డున ఊరు, అనకాపల్లి జిల్లా. 2025 రిపబ్లిక్ డే పరేడ్‌లో ఆంధ్ర శకటం ఈ బొమ్మల మీదే. ఇక్కడ కర్ర అంకుడు, చెన్నపట్నలో వాడేదీ ఇదే జాతి కర్ర. కర్ర లేత్ మీద గిర్రున తిరుగుతుంటే లక్క కడ్డీ ఆనిస్తారు, రాపిడి వేడికి లక్క కరిగి రంగు పట్టేస్తుంది, పైన మొగలాకుతో రుద్దితే నునుపు. పసుపు, నీలి, జాఫ్రా గింజలు, కరక్కాయ, ఇలాంటివాటితో రంగులు తీసే పద్ధతిని మళ్లీ నిలబెట్టిన సి.వి.రాజు గారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. అందరూ సహజ రంగులే వాడతారనుకోకండి, అడిగి కొనండి. కళ్లు కొట్టేలా మెరిసే గులాబీ రంగు కనిపిస్తే అది గింజల్లోంచి వచ్చింది కాదు. పిల్లలు నోట్లో పెట్టుకునేవైతే ఇది ముఖ్యం.

మొదటి ఇళ్లలో లక్కపిడతల సెట్టు 450, తిరగలి మామూలే, గీతది. మూడో ఇంట్లో అత్తయ్య అరుగు మీద కూర్చుని ఆ పెద్దాయనతో మాటల్లో పడ్డారు. "ఇదేం తిరగలి నాయనా, పైరాయి వేరు, కిందరాయి వేరు, మధ్యలో గుంజ ఉండాలి, పిడి పక్కకుండాలి, గింజలు పోయడానికి నడుమ కంత ఉండాలి" అని వేళ్లతో గీసి చూపిస్తున్నారు. దారంతా మౌనంగా వచ్చిన మనిషి. ఆయన నవ్వి, "మా నాన్న చేసేవాడు మామ్మగారూ, ఇప్పుడు ఎవరూ అడగరు" అని లోపల్నుంచి ఒక పాతది తెచ్చారు. లక్క నల్లబడింది, పిడి విరిగింది, కానీ తిరుగుతోంది! ఎంతైనా ఇస్తామన్నాను, అమ్మనన్నారు. అయితే కూర్చోండి, చేసిస్తానన్నారు. గంట లోపు చేశారు. కిందరాయి పసుపు, పైరాయి ఎరుపు, గుంజ సన్నగా, పిడి నీలం. అత్తయ్య గుప్పెడు ఆవాలు అడిగి పోసి తిప్పారు, పక్కల్లోంచి రాలాయి. తిరగలి ఒక్కటే 350, దానికి సరిపోయే సహజ రంగుల సెట్టు 650. రోలు, రోకలి, సన్నికల్లు, పొత్రం, బిందె, చెంబు అన్నీ ఉన్నాయి. అత్తయ్య బిందె మెడ సన్నగా ఉండాలని మళ్లీ మొదలుపెడితే ఆయన అదీ మార్చి చేశారు, దానికి డబ్బు తీసుకోలేదు.

చెన్నపట్నతో పోలిస్తే ఏటికొప్పాకలో రకాలు తక్కువ, ధర కొంచెం ఎక్కువ, కానీ మనకి కావలసింది చెప్పి ఎదురుగా చేయించుకోవడం నాకు చెన్నపట్నలో కుదరలేదు. నిర్మల్‌లో కర్ర మళ్లీ పొణికే, పళ్లు, పక్షులు కావాలంటే అక్కడికే వెళ్లండి. ఏటికొప్పాక ఊళ్లో ఉండటానికి గది వెతక్కండి, విశాఖలోనో అన్నవరంలోనో దిగి వచ్చి వెళ్లడం మేలు, తిండి కూడా హైవే మీదే చూసుకోండి. రైల్లో వచ్చేవాళ్లకి నర్సీపట్నం రోడ్ స్టేషను దగ్గర, అక్కణ్నుంచి ఆటో, తిరుగు ప్రయాణానికి అదే ఆటో మాట్లాడుకోండి, సాయంత్రం తర్వాత దొరకడం కష్టం. లక్క బొమ్మలు ఎండలో కారు అద్దం దగ్గర పెట్టొద్దు, మెత్తబడి ఒకదానికొకటి అంటుకుంటాయి.

సెట్టులోకి బొమ్మ కుంపటి మాత్రం ఆ రోజు కుదరలేదు, తగిన కర్ర ఎండలేదన్నారు. 280కి ఆర్డరిచ్చి వచ్చాం, అడ్వాన్సు 100. రంపపు పొట్టులో పెట్టి కొరియర్ చేస్తానన్నారు, అత్తయ్య రెండు రోజులకోసారి ఫోన్ చేసి కుంపటి కాళ్లు మూడే ఉండాలని గుర్తుచేస్తున్నారు.